రేగడి దారుల్లో కారు కెమెరా



మిర్చి కోతలు మొదలైతే గుంటూరు యార్డు దారులకు రాత్రీ పగలూ తేడా ఉండదు. వినుకొండ, అద్దంకి, మార్కాపురం వైపు పల్లెల నుంచి టిక్కీలు వేసుకున్న బొలేరోలూ లారీలూ చీకటితోనే బయల్దేరతాయి. పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కేసరికి వాటికి చీమకుర్తి గ్రానైటు దిమ్మెల లారీలు తోడవుతాయి. పత్తి బేళ్ల లోడ్లు, చెన్నై వైపు పోయే బస్సులు, వీటన్నిటి మధ్య మన కార్లు. ఇక్కడ ఒక దెబ్బ తగిలిందంటే ఎవరు ఎవరికి అడ్డం వచ్చారో తేల్చడం కష్టం. పెద్ద బండీ చిన్న బండీ గుద్దుకుంటే తప్పు పెద్ద బండిదేనని చుట్టూ చేరినవాళ్లు అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తారు. కిరాయి బండి నడిపే కుర్రాడు ఎంత మొత్తుకున్నా ముందు అనుమానం అతని మీదికే పోతుంది.

అందుకే ముందు అద్దానికి చిన్న కెమెరా బిగించుకునేవాళ్లు మన వైపు పెరుగుతున్నారు. డాష్‌క్యామ్ అంటున్నాం, కొందరు కారు కెమెరా అంటున్నారు. మంచి పని. ఆ కుర్రాడి తరఫున నోరున్న సాక్షి అది. కానీ ఆ సాక్షి జ్ఞాపకమంతా వేలిగోరంత మెమరీ కార్డులో ఉంటుంది. ఒకరోజు కెమెరా కీచుమని అరుస్తుంది, ‘కార్డు వేగం చాలడం లేదు’ అనో ‘కార్డ్ ఎర్రర్’ అనో తెర మీద చూపి రికార్డింగు ఆపేస్తుంది. కొన్ని కెమెరాలు అరవను కూడా అరవవు. వీడియో తీసి చూస్తే మధ్యలో ఐదు సెకన్లు, పది సెకన్లు ఉండవు. సరిగ్గా కావలసినవి ఆ సెకన్లే అయితే?

అప్పుడు ఎక్కువమంది చేసే పని ఒక్కటే. సెల్‌ఫోన్ల కొట్టుకు పోయి, ఇంకా పెద్ద నంబరున్న కార్డు అడిగి తెచ్చుకుంటారు. ఒక వారం బాగుంటుంది, మళ్లీ అదే అరుపు. నేను ఎలక్ట్రానిక్స్ చదువుకున్నవాణ్ణి, ఈ కెమెరాలు విప్పి చూసినవాణ్ణి. నాకు తెలిసినంతలో చెబుతున్నాను: ఆ సందేశం ఏమని వచ్చిందన్న దానికంటే ఎప్పుడు వచ్చిందన్నది ముఖ్యం. కొన్న మొదటిరోజే వచ్చిందా, కొన్ని వారాలకు వచ్చిందా, ఎండాకాలం మధ్యాహ్నాలే వస్తోందా, బండి కుదిపినప్పుడల్లా వస్తోందా, ఏడాదీ రెండేళ్లూ వాడాక వచ్చిందా? జబ్బేమిటో ఆ వేళే చెబుతుంది. కొత్త కార్డు కొనడం ఆఖరున చేయాల్సిన పని.

ముందు వేగం లెక్క చూద్దాం. మామూలు ఫుల్ హెచ్‌డీ కెమెరా సెకనుకు పన్నెండు నుంచి పదహారు మెగాబిట్ల దాకా వీడియో రాస్తుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, అది సెకనుకు రెండు మెగాబైట్లు మించదు. ఫోర్‌కే కెమెరా అయినా చాలావరకు ఎనిమిది మెగాబైట్ల లోపే. ఇప్పుడు కార్డు మీద చూడండి. ఆంగ్ల సి అక్షరం లోపల 10 అంకె ఉంటే, అది సెకనుకు కనీసం పది మెగాబైట్లు రాయగలనని ఇచ్చిన హామీ. యు అక్షరంలో 1 ఉన్నా అంతే. యు అక్షరంలో 3 ఉన్నా, వి30 అని ఉన్నా ముప్పై మెగాబైట్లు. ఈ గుర్తులు 2000 సంవత్సరంలో పానాసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా కలిసి పెట్టుకున్న ఎస్‌డీ అసోసియేషన్ నిర్ణయించినవి. అంటే ఇవాళ కొట్లో దొరికే అసలైన కార్డుల్లో అన్నిటికంటే చవకది కూడా మన ఫుల్ హెచ్‌డీ కెమెరాకు కావలసిన వేగానికి నాలుగైదు రెట్లు హామీ ఇస్తోంది. మరి డబ్బా మీద పెద్ద అక్షరాలతో వంద, నూట యాభై అని రాసి ఉంటుందే, అదేమిటి? అది చాలావరకు చదివే వేగం, అంటే కార్డులో ఉన్నది కంప్యూటర్లోకి లాక్కునే వేగం. కెమెరా పని చదవడం కాదు, రాయడం. ఆ పెద్ద నంబరు చూసి ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పని లేదు. ఏ1, ఏ2 అన్న గుర్తులు ఫోన్లో యాప్‌లు నడపడానికి ఉద్దేశించినవి, వాటినీ పట్టించుకోనక్కర్లేదు.

కాగితం మీద ఇంత మిగులు ఉన్న కార్డు రోడ్డు మీద ఎందుకు చతికిలబడుతుంది? దీనికి జవాబు కార్డు లోపలి నిర్మాణంలో ఉంది. అందులో ఉండేది నాండ్ ఫ్లాష్ అనే జ్ఞాపకం. జపాన్‌లో తోషిబా కంపెనీలో ఫుజియో మసువోకా అనే ఇంజనీరు రూపొందించి 1987లో లోకానికి చూపించినది. దాని స్వభావం విచిత్రంగా ఉంటుంది. రాయడం చిన్న చిన్న పేజీలుగా, కొన్ని కిలోబైట్ల చొప్పున జరుగుతుంది. చెరపడం మాత్రం పేజీ పేజీగా కుదరదు, వందల పేజీలున్న బ్లాకు మొత్తాన్నీ ఒక్కసారే చెరపాలి. చెరపని చోట కొత్తది రాయలేదు. మిరప కల్లం గుర్తు తెచ్చుకోండి. కాయలు గంపలు గంపలుగా తెచ్చి పోసుకోవచ్చు. అదే చోట కొత్త కోత ఆరబోయాలంటే మాత్రం పాత కాయంతా ఎత్తి, ఊడ్చి, పట్టా పరిచిన తర్వాతే. ఇంకా ఎండని కాయ అక్కడొక బుట్టెడు మిగిలి ఉంటే దాన్ని జాగ్రత్తగా పక్కకు మోసుకుపోయి పోయాలి. కార్డు కూడా అచ్చం అదే చేస్తుంది. నిండిపోయిన బ్లాకులో పనికొచ్చే పేజీలు కొన్ని ఉంటే వాటిని వేరేచోట నకలు రాసి, ఆ తర్వాత బ్లాకు చెరిపి, అప్పుడు మన వీడియో రాస్తుంది. ఆ మోతకు పట్టే సమయంలో రాత నిలిచిపోతుంది. కెమెరా దగ్గర చిన్న నిల్వ ఉంటుంది, కాస్త ఆలస్యమైతే ఓర్చుకుంటుంది. అది కూడా నిండిపోతే వీడియో తెగుతుంది, లేదా అరుస్తుంది. సగటు వేగం బాగున్నా మధ్య మధ్య పడే ఈ నిలుపుడు వల్లే గొడవంతా.

ఇక మన నేల సంగతికి వస్తాను, ఎందుకంటే మన వైపు ఈ జబ్బు ముదరడానికి నేల కూడా కారణం. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిచ్చి కుంచించుకుపోతుంది. దాని మీద వేసిన రోడ్డు రెండేళ్లకే అలలు అలలుగా లేస్తుంది. పర్చూరు, మార్టూరు చుట్టుపక్కల పల్లె రోడ్ల మీద తిరిగినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పైగా ఊరూరా ఎవరి ఇష్టం వచ్చినంత ఎత్తున కట్టిన స్పీడ్ బ్రేకర్లు, పొలం దాకా పోయే డొంకలు. కెమెరాలో కుదుపును పసిగట్టే జీ సెన్సర్ అనే పరికరం ఉంటుంది. బండికి దెబ్బ తగిలిందనుకోగానే అప్పుడు రాస్తున్న ఫైలుకు తాళం వేసి, ఎవరూ చెరపకుండా పక్కన పెట్టేస్తుంది. ఇది చాలా మంచి ఏర్పాటు, ప్రమాదపు వీడియో భద్రంగా ఉండేది దీని వల్లే. కానీ మన రోడ్ల మీద ప్రతి గుంటా దానికి ప్రమాదంలాగే కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ చూడండి. ఫైలు మూడు నిమిషాలదనుకుందాం. సెకనుకు రెండు మెగాబైట్ల చొప్పున ఒక ఫైలు 360 మెగాబైట్లు. రోజుకు ఆరు కుదుపులకు ఆరు తాళాలు పడితే రెండు గిగాబైట్ల పైన. పదిరోజులకు ఇరవయ్యొకటి దాటింది. 32 గిగాబైట్ల కార్డులో మూడింట రెండొంతులు ఎప్పటివో గుంటల వీడియోలతో నిండిపోయింది. మిగిలిన ఆ కాస్త చోటులోనే కెమెరా గంటన్నరకొకసారి పాతది చెరిపి కొత్తది రాస్తూ గిరగిరా తిరుగుతుంది. తాళం పడ్డ ఫైళ్లు మధ్య మధ్యలో అడ్డంగా కూర్చుని ఉంటాయి కాబట్టి ఖాళీ జాగా ముక్కలు ముక్కలుగా చెదిరిపోయి ఉంటుంది. వరసగా రాసే వీలు పోయి, ఇందాక చెప్పిన మోత పని ఎక్కువవుతుంది. కొన్ని కెమెరాలు తాళం వేసిన ఫైళ్లకు ఒక హద్దు పెట్టుకుని పాత తాళాలు తామే తీసేస్తాయి, కొన్నిటికి ఆ తెలివి ఉండదు. కార్డు కొత్తలో బాగుండి కొన్ని వారాలకు ‘స్లో’ అని వస్తే నూటికి తొంభై పాళ్లు ఇదే సంగతని నా నమ్మకం.

దీనికి పైసా ఖర్చు లేదు. సెట్టింగుల్లో జీ సెన్సర్ తీవ్రతను ‘లో’కు దించండి. పూర్తిగా ఆపేయవద్దు, ప్రమాదమప్పుడు అది అవసరం. ఆ తర్వాత అవసరమైన వీడియోలు కంప్యూటర్లోకి తీసుకుని, కార్డును కెమెరాలోనే పెట్టి, కెమెరా మెనూలోంచే ఫార్మాట్ చేయండి. ఫోన్లో చేసిన ఫార్మాటు కెమెరాకు నచ్చకపోవచ్చు. కంప్యూటర్లోనే చేయాల్సి వస్తే ఎస్‌డీ అసోసియేషన్ వాళ్లే ఉచితంగా ఇచ్చే ఎస్‌డీ మెమరీ కార్డ్ ఫార్మాటర్ వాడండి. నెలకొకసారి ఈ పని అలవాటు చేసుకుంటే సగం ఫిర్యాదులు పుట్టవు. సీజన్లో యార్డు చుట్టూ రోజూ తిరిగే బండికైతే రెండు వారాలకొకసారి చేయాలంటాను.

ఫార్మాట్ చేసేటప్పుడు ఒకటి గమనించండి. ఫార్మాట్ అయిపోయిందని కెమెరా చెప్పింది, కార్డు తీసి మళ్లీ పెడితే పాత వీడియోలన్నీ చెక్కు చెదరకుండా ఉన్నాయి. అలా జరిగితే ఆ కార్డు పని అయిపోయింది. అరిగిపోయిన కార్డు కొత్తది రాయలేక, ఉన్నదాన్ని చూపిస్తూ ఉండిపోతుంది. దీన్ని ఏ ఉపాయమూ బతికించదు. ఇది అన్నిటికంటే ప్రమాదమైన స్థితి. కెమెరా మీద ఎర్ర దీపం వెలుగుతూ ఉండి కూడా లోపలికి ఒక్క సెకను వీడియో పోకపోవచ్చు. వారానికొకసారైనా నిన్నటి తేదీ వీడియో ఒకటి తెరిచి చూడండి. దయచేసి ఈ ఒక్కటి మరిచిపోకండి.

కార్డు ఎందుకు అరుగుతుంది? ప్రతి బ్లాకునూ కొన్ని వందల నుంచి రెండు మూడు వేల సార్ల దాకా మాత్రమే చెరిపి రాయవచ్చు, ఆ తర్వాత అది నమ్మకం తప్పుతుంది. ఫుల్ హెచ్‌డీ వీడియో గంటకు ఏడు గిగాబైట్ల పైన. 32 గిగాబైట్ల కార్డు నాలుగు గంటలకల్లా ఒకసారి మొత్తం తిరగరాసుకుంటుంది, అంటే గుంటూరు నుంచి ఒంగోలు పోయి వచ్చేసరికి. వెనక కెమెరా కూడా ఉంటే రెండు గంటలకే. ఒక్క కెమెరాతోనే రోజుకు పది గంటలు తిరిగే టాక్సీలో ఏడాదికి ఎనిమిది వందల సార్లు. అదే బండిలో 128 గిగాబైట్ల కార్డు పెడితే రెండొందల సార్లే. అందుకని వేగానికి డబ్బు పెట్టే బదులు పరిమాణానికి పెట్టండి. కెమెరా పుస్తకంలో ఎంతవరకు పడుతుందని రాశారో చూసి ఆ లోపు పెద్దది తీసుకోండి, కొన్ని పాత కెమెరాలు 32కు మించి తీసుకోవు. రెండోది, డబ్బా మీద ‘హై ఎండ్యూరెన్స్’ అన్న మాట వెతకండి. శాన్‌డిస్క్, శాంసంగ్ లాంటి కంపెనీలు ఎడతెగకుండా రాసే కెమెరాల కోసమే వీటిని ప్రత్యేకంగా చేస్తున్నాయి. మామూలు కార్డుల వారంటీ కాగితంలో కారు కెమెరాలో వాడితే వారంటీ వర్తించదని చిన్న అక్షరాలతో రాసి ఉండటం చాలా చోట్ల చూస్తాం. ఎండ్యూరెన్స్ కార్డుకు కొంత ఎక్కువ పెట్టడం దండగ కాదు.

కొన్న మొదటిరోజే తగాదా వస్తే అనుమానించాల్సింది నకిలీని. లోపల ఎనిమిది గిగాబైట్లే ఉండి, పైన 64 అని అచ్చేసిన కార్డులు బజార్లో తిరుగుతున్నాయి. కంప్యూటరులో పెట్టినా 64 అనే చూపిస్తాయి. అలాంటిది కెమెరాలో మొదటి గంటసేపు శుభ్రంగా పనిచేసి, ఆ పైన రాసిందంతా పాడు చేస్తుంది. దీన్ని పట్టుకోవడానికి జర్మనీలోని ఒక కంప్యూటర్ పత్రిక ఉచితంగా ఇచ్చిన హెచ్‌టూటెస్ట్‌డబ్ల్యూ అన్న చిన్న ప్రోగ్రాం ఉంది, లైనక్స్ వాడేవాళ్లకు ఎఫ్3 ఉంది. ఖాళీ కార్డును ఆ చివరి నుంచి ఈ చివరి దాకా రాసి, మళ్లీ చదివి, నిజంగా ఎంత చోటుందో, ఏ వేగంతో రాస్తోందో తేల్చి చెబుతాయి. 32 గిగాబైట్ల కార్డును సెకనుకు పది మెగాబైట్ల చొప్పున రాయడానికి యాభై నిమిషాల పైన పడుతుంది. ఓపిక పట్టాలి. పాతకాలపు కార్డు రీడరుతో పరీక్షిస్తే రీడరు నెమ్మదితనం కార్డు మీద పడుతుంది, అది కూడా చూసుకోండి.

ఇప్పుడు ఎండ. పల్నాడులో రెంటచింతల వేసవి గురించి మన రాష్ట్రంలో తెలియనివారు లేరు. మిర్చి అమ్మకాలు జోరుగా సాగే మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ఎండ కూడా ముదురుతుంది. యార్డు బయట, జిన్నింగు మిల్లుల ముందు, కోల్డ్ స్టోరేజీల దగ్గర బండి గంటల తరబడి ఎండలో నిలబడుతుంది. స్టాన్‌ఫర్డ్ వైద్యులు ఎండలో నిలిపిన కారులో తీసిన కొలతలను 2005లో ప్రచురించారు. గంటలో లోపలి వేడి బయటి కంటే సగటున 22 డిగ్రీలు పెరిగింది, అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే. కిటికీ కాస్త దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు. వాళ్లు అది చూసింది కారులో వదిలేసిన పసిపిల్లల ప్రాణాల కోసం, ఆ సంగతి కూడా తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి. బయట 42 ఉంటే లోపల 60 దాటడం కష్టం కాదు. అద్దానికి అంటుకుని ఉన్న కెమెరా ఇంకా కాగుతుంది. చాలా కెమెరాలు 60, 65 డిగ్రీల వరకే పనిచేస్తామని పుస్తకంలో రాసుకుంటాయి. మంచి కార్డు 85 దాకా ఓర్చుకుంటుంది, కానీ వేడెక్కేకొద్దీ తప్పులు దిద్దుకునే పని పెరిగి రాత నెమ్మదిస్తుంది.

మధ్యాహ్నాలే సందేశం వచ్చి, సాయంత్రానికి దానంతటదే సర్దుకుంటే కార్డు మార్చకండి. ముందు ఏసీ వేసో, కిటికీలు తీసి నాలుగు నిమిషాలు నడిపో, బండి చల్లబడ్డాక కెమెరా ఆన్ చేయండి. ఎండలో నిలిపినప్పుడు అద్దానికి అట్ట పెట్టండి, పార్కింగు రికార్డింగు ఆపండి. కొత్త కెమెరా కొనబోయేవాళ్లు లోపల లిథియం బ్యాటరీ కాకుండా సూపర్ కెపాసిటర్ ఉన్నది అడిగి తీసుకోండి. బ్యాటరీ మన ఎండకు ఉబ్బిపోతుంది. అది చెడితే కరెంటు పోయినప్పుడు ఆఖరి ఫైలు ముగించుకునే బలం కెమెరాకు ఉండదు. సగంలో ఆగిన ఫైలు కార్డులోని ఫైళ్ల పట్టికనే చెడగొడుతుంది, మర్నాడు ‘కార్డ్ ఎర్రర్’ అని వస్తుంది.

బండి గట్టిగా కుదిపినప్పుడు మాత్రమే కెమెరా ఆగి మొదలవుతుంటే చార్జరు సాకెట్టు వదులైందేమో చూడండి. కెమెరాతో వచ్చిన వైరు కాకుండా ఫోను వైరు పెట్టారేమో కూడా. మిర్చి ధూళి, పత్తి నూగు కార్డు గాడిలో చేరడం కూడా మన దగ్గర ఉన్నదే. పొడి మెత్తని గుడ్డకు కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది కార్డు మీది బంగారు రంగు పట్టీలు తుడిస్తే చాలు. నోటితో ఊదవద్దు, తడి పోతుంది. రికార్డింగు నడుస్తుండగా ఫోన్లో వైఫైతో వీడియోలు దించుకోవడం కూడా మానండి, కార్డు ఒకేసారి చదవలేక, రాయలేక తడబడుతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఆ వీడియో రేపు కోర్టులో నిలబడాలి. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. దాని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు నకలును సాక్ష్యంగా ఇవ్వాలంటే ధ్రువపత్రం జత చేయాలి. అందులో ఒక భాగం రికార్డు ఇచ్చేవారు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు హాష్ విలువ కూడా రాయాలి. ఫైలులో ఒక్క బిట్టు మారినా మారిపోయే అంకె అది. కెమెరాలో తేదీ, సమయం తప్పుగా ఉంటే అవతలి వకీలు మొదటి ప్రశ్న దాని మీదే వేస్తారు. బ్యాటరీ చచ్చిన కెమెరాలు ప్రతిసారీ ఎప్పటిదో పాత తేదీకి పోతుంటాయి, నెలకొకసారి గడియారం సరిచూడండి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలో చెల్యాబిన్స్క్ మీద ఉల్క పేలినప్పుడు శాస్త్రవేత్తలు దాని దారిని లెక్కగట్టడానికి మామూలు మనుషుల కార్ల కెమెరాల్లో పడ్డ వీడియోలు కూడా వాడారు. అక్కడ కూడా ఏ దృశ్యం ఏ క్షణానిదో తేల్చుకుంటేనే లెక్క కుదిరింది.

ప్రమాదం జరిగిందనుకోండి, ముందు మనుషుల్ని చూడండి, 108కి ఫోన్ చేయండి. ఆ తర్వాత కెమెరాను దాని బటనుతో ఆపండి, ఆఖరి ఫైలు ముగిసి దీపం ఆరేదాకా కొన్ని సెకన్లు ఆగి కార్డు బయటికి తీయండి. తీయకుండా బండి అలాగే నడిపితే, 32 గిగాబైట్ల కార్డయితే నాలుగు గంటల్లో, రెండు కెమెరాలుంటే రెండు గంటల్లో, కార్డంతా తిరగరాసుకుంటుంది. తాళం పడ్డ ఫైలైతే మిగులుతుంది, పడిందో లేదో ఆ కంగారులో చూసుకోలేం. తీసిన కార్డును ఇంకెవరి ఫోన్లోనో పెట్టి చూడబోతే ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడుగుతుంది, తొందరలో ఎవరో సరే అని నొక్కేస్తారు. కార్డును కాగితం కవరులో పెట్టి, తేదీ, వేళ, బండి నంబరు, చోటు రాసి, పోలీసులకు ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి. డ్యాష్‌బోర్డు అరలో కెమెరాలోనే ఫార్మాట్ చేసి ఉంచిన రెండో కార్డు ఒకటి ఎప్పుడూ ఉండాలి. ఇంటికి తిరిగొచ్చే దారి కూడా రికార్డు కావాలి కదా.